అశ్రద్ధాంజలి

చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా ప్రాంతంలో ఆ మంచి చెప్పేది నేనే. పాలకొల్లు బస్టాండు వెనక సందులో మా ఫ్లెక్సీ షాపు ఉంది. జన్మదినం నుంచి దినం దాకా మనిషికి కావలసిన వాక్యాలన్నీ అక్కడ దొరుకుతాయి. ఐజాక్ మిషన్ నడుపుతాడు, నేను ప్రాస నడుపుతాను. ఫ్లెక్సీ అంటే వంగేది అని అర్థమట. నిజమే, జీవితమంతా వంగి వంగి నడిచినవాళ్ళే దాని మీద నిటారుగా నిలబడి జనానికి నమస్కారాలు పెడుతుంటారు.

నా పేరు జానకిరామ్. అందరూ రైటరుగారు అంటారు. పాతికేళ్ళ క్రితం, బస్సెక్కేముందు కొనుక్కుని దిగేముందు పారేసే డిటెక్టివ్ నవలలు అరవై రెండు రాశాను. సాహిత్యం రాయాల్సినవాణ్ణి సాహత్యం రాశాను. మూడో పేజీలో శవం, ఆఖరి పేజీలో సంకెళ్ళు. హంతకుణ్ణి ఏనాడూ ఊరికే వదల్లేదు, ఉరికే వదిలాను. నా చేతిలో ధర్మం అరవై రెండుసార్లు గెలిచింది. గెలవక ఏం చేస్తుంది, నూట పన్నెండు పేజీలు దాటితే పబ్లిషరు ఒప్పుకునేవాడు కాదు. తరవాత సెల్‌ఫోన్లు వచ్చి నవలలు పోయాయి. నేను పోకుండా ఫ్లెక్సీలోకి వచ్చాను.

ఇప్పుడు చెప్పేది నవల కాదు. ఇందులో హంతకుడి పేరు మొదట్లోనే చెప్పేస్తున్నాను: సురేష్‌బాబు. దాచిపెట్టి మిమ్మల్ని ఊరించే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చివరిదాకా చదివితే మీరే నాలుగు తిట్లతో సహా ఒప్పుకుంటారు.

సురేష్‌బాబుకి నూట ఇరవై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. రొయ్యకు లేవా బారెడు మీసాలు అన్నట్టు ఆయనకీ ఉన్నాయి. మండలాధ్యక్షుడు కావాలని కోరిక. అదే కుర్చీకి జగన్నాథరావుగారు పోటీ. దాంతో కరెంటు స్తంభం కనిపిస్తే చాలు, దానికి ఆయన బొమ్మ కట్టేవారు. ఆయన చెరువుల్లోని ఉప్పునీళ్ళు డ్రెయిన్లో కలిసి, అక్కణ్ణించి పల్లిపాలెం వాళ్ళు వల వేసుకునే కాలువలోకి వచ్చేవి. చేపలు తెల్లగా తేలేవి. పల్లిపాలెం మత్స్యకారుల సొసైటీకి ప్రెసిడెంటు సత్తియ్య. వలతో పాటు కేసు కూడా వేశాడు. కోర్టు తరఫున మనుషులొచ్చి చెరువులు చూసి వెళ్ళడానికి ఇంకా వారం ఉందనగా, మాఘమాసంలో ఒక గురువారం, నా ఫోనుకి సురేష్‌బాబు దగ్గర్నించి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"రైటరుగారూ, నమస్కారమండి. మన సత్తియ్యగారు పోయేరండి. ఏం చేస్తాం, మంచోళ్ళకి ఆయుస్సుండదు. పది బై ఇరవై కొట్టండి. నాలుగింటికల్లా పల్లిపాలెం సెంటర్లో కట్టేసుండాలి. జగన్నాథరావుగారి దానికన్నా ముందుండాలి, అడుగు పెద్దదుండాలండి. మొన్నట్లాగ పరువు తియ్యకండి బాబూ."

మొన్నటి సంగతి ఇది. వార్డు మెంబరుగారి తల్లి పోతే, ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంటికి చేరకముందే జగన్నాథరావుగారి ఫ్లెక్సీ వెలిసింది. సురేష్‌బాబుది చితి చల్లారాక వచ్చింది. "బాబుగారికి ఏడుపు లేటుగా వచ్చిందండి" అని ఊరంతా నవ్వింది. మా వైపు ముందు కట్టినవాడే ముందు ఏడ్చినవాడు. పైగా పెళ్ళిళ్ళ రోజులు, మా మిషన్‌కి ఊపిరాడటం లేదు. పొద్దున చెప్పకపోతే సాయంత్రానికి అవదు. ఈ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆర్డరు ఏదొచ్చినా ఐజాక్‌కి ఫార్వర్డ్ చెయ్యడం నాకు అలవాటు. ప్రాస గుర్తుంటుంది గానీ కొలత గుర్తుండదు. ఐజాక్ విన్నాడు. నవంబరులో సొసైటీవాళ్ళకి వేసిన బ్యానరులోంచి సత్తియ్య బొమ్మ తీశాడు. జననం, మరణం అని రెండు గళ్ళు పెట్టి ఆగాడు.

"పుట్టిన తేదీ లేదండి. ఆరి నంబరు మన దగ్గరుంది కదా, ఓసారి ఇంటికి ఫోన్ చేద్దామా?"

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చచ్చినోడింటికి ఫోన్ చేసి పుట్టినరోజెప్పుడండీ అని అడుగుతావా? కేకు కూడా పంపిస్తున్నామని చెప్పు!"

ఐజాక్ పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను. గోదావరి జిల్లాల్లో జోకు పేలిందంటే ఆ పని అయిపోయినట్టే. ఫోన్ చెయ్యలేదు. గళ్ళు రెండూ తీసేసి, వాటి జాగాలో నా వాక్యం పెద్దక్షరాలతో పెట్టించాను: "సత్తా చాటిన సత్తియ్యా, చావు లేదు నీకయ్యా!"

మూడున్నరకల్లా ఫ్లెక్సీ కట్టేశారు. జగన్నాథరావుగారిది ఆ రోజు రానేలేదు. సత్తియ్య శవం లాకుల దగ్గర తేలిందనీ, తాగి కాలువలో పడ్డాడనీ, చొక్కా మందు వాసన కొడుతోందనీ సాయంత్రం టీకొట్లో విన్నాను. ఎన్ని గంటలకి తేలిందని అడగలేదు. అరవై రెండు నవలల్లో నా డిటెక్టివు మొదట అడిగే ప్రశ్నే అది.

మూడోరోజు పొద్దున సత్తియ్య భార్య పెద్దింట్లమ్మ షాపుకొచ్చింది. పదకొండు రోజులూ గడప దాటకూడదు. ఆవిడ గడప దాటింది, కాలువ దాటింది, ఆటో దిగి మా మెట్టెక్కింది. పాలకొల్లు చేపల బజారులో పాతికేళ్ళుగా బేరం చేస్తున్న మనిషి. చేప కంట్లోకి చూసి ఎప్పుడు పట్టినదో చెప్పగలదు. నా కళ్ళలోకి కూడా అలాగే చూసింది.

"రైటరంటే తవరేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

"కూకోడానికి రాలేదు. మా ఆయన బొమ్మ తవరే ఏసేరా?"

"మా షాపులోనేనమ్మా. చాలా బాధపడ్డామండి."

"బాధ సంగతి తరవాత. అది ఎయ్యడానికి ఎంతసేపు పట్టుద్ది?"

"అరగంట," అన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకూ తెలీదు. భయం అబద్ధం కంటే ముందు పుడుతుంది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న పెళ్ళివారి మనిషి బల్ల గుద్దాడు. "ఏంటండీ ఇది! మొన్న సాయంత్రం ఇచ్చేనండి మా మేనల్లుడి బ్యానరు! ఇంతవరకూ మిషనెక్కలేదంటారేంటండీ?"

పెద్దింట్లమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "పెళ్ళికి రోజున్నర. మా ఆయనకి అరగంటా?"

"చావు కదమ్మా, అర్జెంటని ముందేశాం."

"మరి సురేష్‌బాబు తవరికి ఎన్నింటికి సెప్పేడు?"

"రెండు... రెండున్నరకి."

"శవం లేచింది మూడింటికండి. లాకుల కాడ గేట్లెత్తే లస్కరు సూసేడు. మేం మోసుకొచ్చేసరికి అయిదు. అప్పటికే సెంటర్లో మా ఆయన దండేసుకుని నవ్వుతా ఉన్నాడు. శవం కంటే ముందు బొమ్మెలాగొచ్చిందండి?"

"మూడు దాటాకనేమోనమ్మా... సరిగ్గా గుర్తులేదు." సాక్ష్యం అడిగిన మనిషికి సాకులు చెబుతున్నాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆరోజు తెల్లారగట్ట ఆయన వలకెళ్ళలేదు. ఒళ్ళు కాలిపోయింది. పదకొండున్నరకి జ్వరం జారి అన్నం అడిగేడు. చారు పోసి పెట్టేను. తింటావుంటే ఫోనొచ్చింది. తూము కాడికి రా సత్తియ్యా, రాజీ మాటాడుకుందాం అని. చెయ్యి కడుక్కుని ఎల్లేడు. నా మొగుడు మందు ముట్టడండి. దగ్గుమందు తాగాలన్నా మొకం అష్టవంకర్లు తిప్పేవోడు. ఎస్సైగారికి సెప్పేను. రాసుకున్నారు. రాసేవోళ్ళు రాసుకోడమే గానీ ఇంకేం సెయ్యరా?"

పదకొండున్నర! నాకు లెక్కలు రావు. కానీ ఆ తీసివేత మాత్రం పెన్ను పెట్టకుండా వచ్చేసింది. మెసేజ్ వచ్చింది పదీ నలభై రెండుకి. ఆ తరవాత నలభై ఎనిమిది నిమిషాలకి సత్తియ్య చారన్నం తిన్నాడు. చావు లేదు నీకయ్యా అని నేను రాస్తున్నప్పుడు ఆ మనిషికి నిజంగానే చావు లేదు. నులకమంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పక్కన ఫోనుంది. నంబరు నా దగ్గరుంది. ఒక్క రింగు ఇచ్చుంటే తనే ఎత్తేవాడు.

"తవరి మొకం పాలిపోయిందేంటండి?" అంది పెద్దింట్లమ్మ.

ఇంకు అయిపోయిన ప్రింటులా ఉండి ఉంటుంది నా మొహం. "షుగరండి," అన్నాను.

"షుగరు కాదు. తవరి కాడ మాటలన్నీ ఉన్నాయి, నాకు కావాల్సింది ఒక్కటుంది. అది కక్కలేక గింజుకుంటున్నారు. పదకొండో రోజు మా ఇంటికి బోజనానికి రండి. ఆ మాట అట్టుకు రండి. ఉత్త చేతుల్తో వచ్చి మా ఆయన పేరు సెప్పి మెతుకు ముట్టేరంటే, ఆ మెతుకే తవరి గొంతుకడ్డం పడాల."

మెట్టు దిగి వెళ్ళిపోయింది. పెళ్ళివారాయన బ్యానరు సంగతి మర్చిపోయి నన్నే చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే సురేష్‌బాబు స్వయంగా వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు, తెల్ల కారు. మనసు తప్ప మిగతావన్నీ ఉతికించుకున్నట్టున్నాడు.

"బాగున్నారా రైటరుగారూ? షుగరెలాగుందండి? కాఫీలో పంచదార మానేసేరా?"

"మానేశానండి."

"మంచిదండి. మన జాగ్రత్తలో మనముండాలి. పాపం, పెద్దింట్లమ్మగారు వచ్చెళ్ళేరటగా. బాధలో ఉన్నారండి ఆవిడ, ఏదేదో అంటారు. ఆ వాయిస్ మెసేజ్ నిన్న డిలీట్ కొట్టేసేనండి, మీ వైపు కూడా పోయుంటది చూస్కోండి. నేను మీకు చెప్పింది మూడు దాటేకండి. అంతేకదండీ?"

"అంతేనండి."

ఆయన షాపంతా కలయజూశాడు. "వైరింగు పాతదనుకుంటానండి. అంతా ప్లాస్టిక్కే కదా. అంటుకుందంటే లోపలున్నోడు బయటికి రాడండి. బయటున్నోడు గుర్తుపట్టలేడు. నాకు మీరంటే గౌరవం కాబట్టి చెబుతున్నానండి."

మర్యాదకి మా జిల్లాలు పెట్టింది పేరు. ఇక్కడ మనిషిని తగలబెట్టేముందు కూడా 'అండి' తగిలిస్తారు.

"పెద్దకర్మకి ఇరవై బై ముప్పై కావాలండి," అన్నాడు లేస్తూ. "మొన్నటి ప్రాస అదిరిపోయిందండి. చావు లేదు నీకయ్యా! చదివి మా ఆవిడ ఏడ్చేసిందంటే నమ్మండి. ఈసారి సత్తియ్యగారి ఆత్మ శాంతించేలాగ రాయండి."

కారు సందు తిరిగేదాకా ఐజాక్ గుమ్మంలో నిలబడి చూశాడు. తరవాత తన ఫోను తెచ్చి నా ముందు బల్ల మీద పడేశాడు.

"మీది డిలీట్ అయిందండి. మీరు నాకు ఫార్వర్డ్ చేసింది ఉంది. పదీ నలభై నాలుగు. చూస్కోండి."

"నువ్వు చెబుతావా?"

"నేనా? నాకిద్దరు ఆడపిల్లలండి. ఫోనిస్తాను. నోరు మీది పెట్టుకోండి." ఇరవయ్యేళ్ళలో ఐజాక్ నాతో అలా మాట్లాడింది అదే మొదటిసారి. "ఆ రోజు ఇంటికి ఫోన్ చేద్దామన్నది నేనండి. ఆపింది మీరు."

"నవ్వింది నువ్వు కదా!"

"ఆయ్, నవ్వేనండి. ఆ నవ్వు తలుచుకుంటే అన్నం దిగట్లేదు. మీకు దిగుతోందా?"

నేను బిల్లుపుస్తకం తెరిచాను. ఆ వారమంతా మా ఇద్దరి మధ్యా కొలతలు తప్ప మాటల్లేవు. నా నవలల్లో సాక్షి అనేవాడు తొంభయ్యో పేజీలో వచ్చి, గడగడా నిజం చెప్పేసి, తొంభై రెండో పేజీలో టీ తాగి వెళ్ళిపోయేవాడు. వాడికి షాపుంటుందనీ, షాపులో పాత వైరింగుంటుందనీ నేనెప్పుడూ రాయలేదు. వైరింగు కంటే పెద్ద భయం ఇంకొకటుందని అసలే రాయలేదు. టైము చెబితే సురేష్‌బాబు పట్టుబడతాడు. కానీ ఆ టైము నోట్లోంచి రాగానే తరవాతి ప్రశ్న నాకే వస్తుంది. దానికి నా దగ్గరున్నది జవాబు కాదు, జోకు.

పదకొండో రోజు ఫ్లెక్సీ వెయ్యలేదు. ఐజాక్ ఫోను జేబులో పెట్టుకుని పల్లిపాలెం వెళ్ళాను.

కాలువ గట్టున షామియానా వేశారు. అరిటాకులు వరసగా పరిచి ఉన్నాయి. సత్తియ్య ఫొటో ముందు దీపం వెలుగుతోంది. కులపెద్ద త్రిమూర్తులు మైకు పట్టుకుని వచ్చినవాళ్ళని పంక్తుల్లో కూర్చోబెడుతున్నాడు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని, చేతిలో బంతిపూల దండతో ఫొటోగ్రాఫరు కోసం చూస్తున్నాడు సురేష్‌బాబు.

"రండి రైటరుగారూ!" అన్నాడు నన్ను చూసి. "ఫ్లెక్సీ ఏదండి?"

"వెయ్యలేదండి."

"వెయ్యకపోడమేంటండీ?"

పెద్దింట్లమ్మ లోపల్నించి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతులవైపు చూసింది. నేను వెళ్ళి ఫోను త్రిమూర్తులుకి ఇచ్చాను. "ఇది మైకు దగ్గర పెట్టండి. సత్తియ్యగారు పోయిన రోజు నాకొచ్చిన మెసేజండి."

రెండు వందల మంది మీదుగా సురేష్‌బాబు గొంతు మోగింది. "మన సత్తియ్యగారు పోయేరండి. ఏం చేస్తాం, మంచోళ్ళకి ఆయుస్సుండదు..." అడుగు పెద్దదుండాలి, మొన్నట్లాగ పరువు తియ్యకండి, అంతా వినిపించింది. జనానికి ఏమీ అర్థం కాలేదు. ఒకళ్ళిద్దరు సంతాపం అనుకుని తలలూపారు కూడా.

"ఇదెప్పుడు వచ్చిందండి?" అన్నాడు త్రిమూర్తులు.

మైకు నా మూతి దగ్గరకొచ్చింది. జీవితంలో మొదటిసారి ప్రాస లేకుండా మాట్లాడాను. "గురువారం పొద్దున్న. పదీ నలభై రెండుకి."

"పదకొండున్నరకి నా సేత్తో అన్నం ఎట్టేను," అంది పెద్దింట్లమ్మ గుమ్మంలోంచి. మైకు అక్కర్లేకుండానే చివరి ఆకు దాకా వినిపించింది.

రెండు వందల మంది మనసులో ఆ లెక్క చేసుకున్నారు. తరవాత ఆకులు తొక్కుకుంటూ లేచారు.

"ఎడిటింగండి ఇదంతా!" సురేష్‌బాబు అరిచాడు. దండ ఇంకా చేతిలోనే ఉంది. "జగన్నాథరావుగారు చేయించేరండి! ఏవండీ రైటరుగారూ, తవరు మనిషేనా అండి? తవరు తినేది గడ్డా అండి? తవరి తోలు వలిచి దానిమీద ప్రింటేయించకపోతే చూడండి!"

"నా కొడకా!" అంటూ ఒకడు తెడ్డెత్తాడు.

"దించరా!" త్రిమూర్తులు మైకులోనే గద్దించాడు. "ఒక్క దెబ్బ పడిందంటే రేపు కోర్టులో ఈడు ఏడుత్తాడు, మనం దొంగలమైపోతాం. పోలీసులొచ్చేదాకా బాబుగారు మన చుట్టం. ఆకేసి కూకోబెట్టండి. వడ్డించండి."

వడ్డించారు. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, గారెలు. "తినండి బాబుగారూ." "ఇంకో గారె ఎయ్యండి బాబుగారికి." "మొగమాటపడకండి, తవరి సలవే కదా ఈ బోజనం." చుట్టూ వల బిగించినట్టు నిలబడి, ఒక్కొక్కరే వంగి వడ్డిస్తున్నారు. వడ్డించడంలో అంత పగ ఉంటుందని నాకు తెలీదు. సురేష్‌బాబు అన్నం కలిపాడు గానీ ముద్ద నోటిదాకా రాలేదు. ఆ కలిపిన అన్నం మీదే ఇంకా ఇంకా వేస్తూనే ఉన్నారు, ఆకు కనబడకుండా పోయేదాకా.

అప్పుడు పెద్దింట్లమ్మ నా దగ్గరకొచ్చింది.

"మాట అట్టుకొచ్చేరు. మంచిది. ఇంకోటుంది. పదీ నలబై రెండుకి మా ఆయన సచ్చిపోయేడని తవరికి తెలిసింది. తవరి కాడ ఆయన నంబరుంది. పలకరిద్దామని గానీ అడుగుదామని గానీ ఒక్క పోను సెయ్యబుద్ధి కాలేదా?"

గుర్తు రాలేదు అనొచ్చు. సిగ్నల్ లేదు అనొచ్చు. పెళ్ళిళ్ళ సీజను అనొచ్చు. అబద్ధాలన్నీ వరసగా నిలబడి నన్ను వాడుకో అంటున్నాయి. ఆవిడ చేప కళ్ళలోకి చూసినట్టు నా కళ్ళలోకి చూస్తోంది.

"చేద్దామన్నాడమ్మా ఐజాక్. పుట్టిన తేదీ కోసం. నేనే వద్దన్నాను. చచ్చినోడింటికి ఫోన్ చేసి పుట్టినరోజెప్పుడని అడుగుతావా, కేకు కూడా పంపిస్తున్నామని చెప్పు, అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం."

ఆ జోకు రెండోసారి చెప్పడం అదే. ఎవరూ నవ్వలేదు.

కొడుతుందనుకున్నాను. కొడితే బావుణ్ణనుకున్నాను. ఆవిడ చెయ్యెత్తలేదు.

"ఆడికి కోర్టుంది," అంది సురేష్‌బాబు వైపు చూడకుండానే. "తవరు సేసిందానికి ఏ సట్టంలోనూ సెక్షనుండదు. అందుకని తవరి కేసు నా కాడే ఉంటది. బోజనం సెయ్యకుండా ఎల్లండి. ఇది తవరు తినే తిండి కాదు."

పోలీసులొచ్చి సురేష్‌బాబుని తీసుకెళ్ళారు. నన్నూ స్టేషనుకి పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. ఎస్సైగారు "రైటర్!" అని కేకేస్తే నేనూ, అక్కడ రికార్డులు రాసే హెడ్ కానిస్టేబులూ ఇద్దరం లేచి నిలబడ్డాం. వేరే రోజైతే దాని మీద పది జోకులు వేసేవాణ్ణి. ఆ రోజు కూర్చున్నాను. మొదట తాగి పడ్డాడని రాసిన చేత్తోనే ఆయన ఇప్పుడు హత్య అని రాసుకున్నాడు. ప్రింటయిపోయాక చేసే ఈ పోస్టరుమార్టంలో అన్నీ తేలాయి. చెరువుల దగ్గర కాపలా మనుషులు ఇద్దరు ఒప్పుకున్నారు. తెల్లవారుజామున వల దగ్గరే పని ముగించమన్నాడట సురేష్‌బాబు. సత్తియ్య జ్వరంతో రాలేదు. తిడతాడని భయపడి వీళ్ళు ఆ సంగతి ఆయనకి చెప్పలేదట. మధ్యాహ్నం రాజీ పేరుతో తూము దగ్గరికి పిలిచి తల మీద కొట్టి, చొక్కా మీద మందు పోసి కాలువలోకి తోశారు. పని ఎప్పుడో అయిపోయిందనుకుని ఆయన మాత్రం షాపులో రద్దీకి భయపడి పొద్దున్నే ఆర్డరిచ్చాడు. హత్యని రెండో మనిషికి అప్పగించాడు గానీ, ఏడుపులో ముందుండాలన్న తాపత్రయం ఎవరికీ అప్పగించలేకపోయాడు.

మూడు నెలలకి సురేష్‌బాబుకి బెయిలొచ్చింది. వేరే షాపులో వేయించిన స్వాగతం ఫ్లెక్సీలు ఊరి పొడుగునా కట్టారు. కడిగిన ముత్యంలా వచ్చాడని వాటి మీద రాశారు. కేసు నడుస్తోంది. మా వైపు కేసులు కాలవలాగే నడుస్తాయి, వేసవిలో మూసేస్తారు. నా షాపుకి ఆయన మనుషులెవరూ రారు. వైరింగు మార్పించాను.

ఇదంతా కోర్టు సంగతి. పెద్దింట్లమ్మ దగ్గరున్న కేసు మాత్రం పదకొండో రోజు మర్నాడే తీర్పయిపోయింది.

ఆ పొద్దున చేపల బజారుకెళ్ళాను. మొదటి బుట్ట దగ్గర వంగాను. బుట్ట వెనక కూర్చున్న పల్లిపాలెం ఆవిడ తడి గోనె లాగి దాని మీద కప్పింది. రెండో బుట్ట దగ్గరికి వెళ్ళాను, గోనె. మూడో బుట్ట, నాలుగో బుట్ట. వరస చివరిదాకా నేను నడుస్తుంటే నా ముందు బుట్టలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి, నేను వెళ్ళాక తెరుచుకున్నాయి. ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. వల వేసేవాళ్ళు నన్ను వెలి వేశారు. ఏడాదైనా వారం వారం వెళుతూనే ఉన్నాను. గోదావరి గట్టున పుట్టి చేప ముక్క లేకుండా బతకడం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, మీకు ఆ హక్కుంది.

మొన్న ఆదివారం వరసలో కొత్త పిల్ల కూర్చుంది. చిన్నమ్మాయి అంటారట, ఈమధ్యే పల్లిపాలెం కోడలుగా వచ్చింది. నన్నెరగదు. "రండి బాబుగారూ, బొమ్మిడాయిలు, ఇంకా బతికే ఉన్నాయి" అని పిలిచి తక్కెట్లో వేసేసింది కూడా. నా నోట్లో నీళ్ళూరాయి, సిగ్గులేకుండా.

పక్క పీట మీంచి పెద్దింట్లమ్మ చెయ్యి చాపి తక్కెడ పట్టుకుంది. "ఆరికి కాదే. తియ్యి."

చిన్నమ్మాయి తెల్లబోయి చేపల్ని మళ్ళీ బుట్టలో పోసింది.

నేను వెళ్ళిపోలేదు. ఏడాదిలో మొదటిసారి ఆవిణ్ణి అడిగాను. "ఎన్నాళ్ళమ్మా ఇది? నిజం చెప్పాను కదా."

ఆవిడ కత్తిపీట మీద చేప కోస్తూ తలెత్తలేదు. "సెప్పేరు. సెప్పబట్టే బజార్లోకి రానిత్తన్నాం."

"సురేష్‌బాబు చూడండి, దర్జాగా తిరుగుతున్నాడు."

"ఆడికి కోర్టోళ్ళు బెయిలిచ్చేరు. తవరికి నేనివ్వను. జరగండి, ఎనకాల బేరం వచ్చింది."

జరిగాను. బీరకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను.